జాబితాలో ఐదో పని

రౌండ్ సారు చేతిలో పడిన అంకె పెరిగిన దాఖలా ఆ ఆఫీసు చరిత్రలో లేదు. నలభై ఏడు ఇస్తే నలభై ఐదవుతుంది, కాస్త చిరాగ్గా ఉన్న రోజైతే నలభై అవుతుంది. యాభై కావడం మాత్రం ఎవరూ చూడలేదు. నీటి సరఫరా సంస్థకు ఆయన డైరెక్టరు. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో జీతం బిల్లు మీద ఉంటుంది, మిగతా అందరికీ ఆయన రౌండ్ సారే.

ఆ సోమవారం ఉదయం ఆయన బల్ల ముందు కూర్చున్నావిడను ఆఫీసంతా అంచనా మేడం అంటుంది. ఇరవై ఆరేళ్లుగా అంచనాల విభాగంలో పనిచేస్తోంది, పదేళ్లుగా దానికి పెద్ద. ఊరికి కొత్త మంచినీటి ప్రాజెక్టు కట్టాలంటే ఎంతవుతుందో ఒక్క పేజీలో రాసి తెచ్చింది.

ఎంతవుతుందని అడగడానికేం, నోరుంటే చాలు. నేలలో ఒక్క బోరు వేసి చూసింది లేదు. పైపు ఎవరి స్థలంలోంచి పోతుందో తేలలేదు. డ్రాయింగులన్న పేరుకి ఒక మ్యాపు, దాని మీద నీలం పెన్సిల్‌తో గీసిన ఒక గీత ఉన్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కట్టబోయేదేమిటో తెలియకముందే ఖర్చు చెప్పాలి. దానికీ ఒక పద్ధతుంది. ఇలాంటివి ఇంతకుముందు ఎక్కడెక్కడ కట్టారో వెతకాలి, అప్పటి ధరలను ఇప్పటికి తేవాలి, సైజు తేడాను సరిచూడాలి. ప్లాంటు రెండింతలైతే ఖర్చు రెండింతలు కాదు, ఇంచుమించు ఒకటిన్నర రెట్లవుతుంది. ఇలా లెక్క కట్టుకుంటూ పోతే చివరికి వచ్చేది ఒక్క అంకె కాదు, మూడు. తక్కువలో తక్కువ ఎంత, మధ్యస్థంగా ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత. మేడం పేజీలో మూడొందల యాభై, ఐదొందలు, ఏడొందల యాభై కోట్లని మూడు గళ్లలో ఉన్నాయి.

"ఇదేంటమ్మా," అన్నాడు రౌండ్ సారు. "మూడొందల యాభై ఎక్కడ, ఏడొందల యాభై ఎక్కడ? ఈ సందులో ఏనుగుల మంద పడుతుంది."

"నేల తవ్వి చూశాక దగ్గరికొస్తాయి సార్. ఇప్పటికి మనకి తెలిసింది ఇంతే."

"తెలీదని రాసిమ్మంటే నా డ్రైవరూ రాసిస్తాడు. కౌన్సిల్ వాళ్లకి ఒక్క అంకె కావాలి. ఒకే ఒక్కటి." ఎర్ర పెన్ను తీసి ఎడమ గడి కొట్టేశాడు, కుడి గడి కొట్టేశాడు. మధ్యలో మిగిలిన ఐదొందలని కాసేపు చూసి, దాని మీద నాలుగొందలని రాశాడు.

"సార్, ఈసారి నేను కొసరు కలపలేదు. పేజీ పైనే రాశాను, చూడండి."

ఈ కొసరు సంగతి చెప్పాలి. రౌండ్ సారు ప్రతి అంచనాలోనూ ఐదో వంతు కోస్తాడు. కోస్తాడని తెలుసు గనక కింది వాళ్లు ముందే నాలుగో వంతు కలిపి ఇస్తారు. కలుపుతారని తెలుసు గనక ఆయన కోస్తాడు. వంద నూటపాతికవుతుంది, నూటపాతిక తిరిగి వందవుతుంది, అందరూ తమ పని తాము చేశామని ఇంటికి పోతారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఎవరికీ నష్టం లేదనుకుంటారు గానీ ఈ గారడీలో పోయేది ఒకటుంది: పక్క గళ్లు. మధ్య గడి కోసం కుస్తీ పడి పడి, అటూ ఇటూ ఉన్న రెండు అంకెలను ఇద్దరూ మరిచిపోతారు. అందుకే మేడం ఈసారి గారడీ మానేసింది. "ఇందులో కొసరు లేదు" అని పేజీ నెత్తిన రాసింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఉన్నదున్నట్టు రాసిచ్చింది.

"మీరెప్పుడూ ఇదే మాటంటారు," అన్నాడు రౌండ్ సారు నవ్వుతూ.

"ఎప్పుడూ అనలేదు సార్. ఇదే మొదటిసారి."

"సరే, ఆ మూడు గళ్ల పేజీ ఫైలు చివర పెడదాంలెండి. చూడాలనుకున్న వాళ్లు చూసుకుంటారు. నాలుగొందలు ఖాయం."

మేడానికి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఇరవై ఆరేళ్ల అలవాటు నాలుక మీద కూర్చుంది. "చివరైనా సరే, తప్పకుండా పెట్టండి సార్," అని మాత్రం అని లేచి వచ్చింది. మెట్లు దిగుతూ తన్ను తానే తిట్టుకుంది. ఆయన్ని తిట్టాల్సిన తిట్లన్నీ తనకే పడ్డాయి.

ఎనిమిదేళ్ల కిందటా ఇదే గది, ఇదే ఎర్ర పెన్ను. అప్పుడు పాత ప్రాజెక్టు. మేడం అసలు లెక్కలో మధ్య అంకె రెండొందల కోట్లు, పై అంకె మూడొందలు. కొసరు కలిపి రెండొందల యాభై ఇచ్చింది, ఆయన కోసి రెండొందలు చేశాడు, లెక్క సరిపోయిందని ఆవిడ సంతకం పెట్టింది. పై అంకె ఊసు ఎవరూ ఎత్తలేదు. తీరా ఏటి ఒడ్డున తవ్వితే బండ తగిలింది. పనులన్నీ పూర్తి చేయాలంటే రెండొందల డెబ్బై కావాలని తేలింది. అంటే అంచనా గళ్ల లోపలే ఉంది, ఏమీ వింత జరగలేదు. కానీ కాగితం మీద రెండొందలే ఉంది గనక డబ్బు అయిపోయింది, డబ్బు అయిపోయింది గనక జాబితాలో చివరి పని ఎగిరిపోయింది.

చివరి పని ఎప్పుడూ పైవాడ అనే పేటదే. ఊరికి పడమటి వైపు గుట్ట మీద రెండు వేల ఇళ్లున్నాయి అందులో. నీళ్లు అక్కడికి ఎక్కాలంటే వేరే పంపు, వేరే ట్యాంకు కావాలి. అప్పుడు పంపుహౌసుకి నాలుగు గోడలు లేపి వదిలేశారు. ఇప్పటి జాబితాలోనూ వరస అదే. ఒకటి, ఏటి దగ్గర నీరు తోడే కట్టడం. రెండు, శుద్ధి ప్లాంటు. మూడు, ఊళ్లోకి పెద్ద పైపు. నాలుగు, ఏటి ఒడ్డు కొత్త కాలనీకి వెడల్పు పైపులు. ఐదు, పైవాడ. నాలుగొందలకు కుదించిన ప్రాజెక్టులో డబ్బు ఎక్కడ అయిపోతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి మేడం పైవాడకు వెళ్లింది. వాళ్లాయన అక్క అక్కడే ఉంటుంది. ఆ వదినకు అరవై దాటాయి, ఒంటరి మనిషి, మిషను కుట్టి బతుకుతుంది. ట్యాంకర్ గుట్ట కిందే ఆగుతుంది. అక్కడి నుంచి నూట నలభై రెండు మెట్లు. పోయిన వారం డబ్బాతో ఎక్కుతుంటే కాలు జారింది. కుడి చెయ్యి ఇప్పుడు కట్టులో ఉంది.

"రావే రా, నీళ్లాఫీసు మారాణీ," అంది వదిన గుమ్మంలోనే. "దాహమంటావేమో, ముందే చెప్తున్నా, సగం గ్లాసే."

గదిలో మంచం కింద డబ్బాలు, మిషను కింద డబ్బాలు, తలుపు వెనక డబ్బాలు. మనిషి తిరగడానికి మిగిలింది మూరెడు చోటు. ఎడం చేత్తోనే మూత తీసి గ్లాసులో నీళ్లు వంచి, కింద పడ్డ రెండు చుక్కల్ని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మొక్క కుండీలో పిండింది.

"చెయ్యెలా ఉంది వదినా?"

"చెయ్యి బాగానే ఉంది, పనే లేదు దానికి. నెల్లాళ్లు మిషను తొక్కొద్దన్నాడు డాక్టరు. తిండి మానేయమని మాత్రం అనలేదు, మర్చిపోయినట్టున్నాడు." కూర్చుని, మరదలి మొహంలోకి చూసింది. "ఈసారైనా వస్తాయంటగా నీళ్లు? కింద కొట్టువాడు చెప్పాడు, మళ్లీ ప్రాజెక్టంట. పోయినసారిలాగే గోడలు కట్టి పోతారా, పైకప్పు కూడా వేస్తారా?"

మేడం గ్లాసు కింద పెట్టింది. ఎనిమిదేళ్లుగా ఈ ఇంటికి వస్తోంది, పోతోంది, ఎప్పుడూ చెప్పని మాట. "పోయినసారి లెక్క నాదే వదినా. ఆ కాగితం మీద ఉన్నది నా సంతకమే."

వదిన కట్టు మీద దారం పోగును గోటితో లాగుతూ కూర్చుంది.

"తప్పు లెక్క వేశావా?"

"లేదు. సరిగ్గానే వేశాను. ఇంతకు మించవచ్చని కూడా రాసుకున్నాను. వాళ్లు ఆ ముక్క తీసేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"తప్పు లెక్క వేశానని చెప్పినా బాగుండేదే," అంది వదిన. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదని మేడానికి అనిపించింది. "పాపం చేతకాలేదులే అనుకుని పోయేదాన్ని. ఎనిమిదేళ్లు నీ ముందు ఈ డబ్బాలు మోశాను కదే. ఓసారి నువ్వూ ఓ చెయ్యి పట్టావు, గుర్తుందా? మోస్తూ కూడా చెప్పలేదు."

మేడం కళ్లు తుడుచుకుంది. వదిన వద్దనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, "ఆ మిగిలిన నీళ్లు తాగెయ్యి, పారబోయకు," అంది. మేడం తాగి, మెట్లు లెక్కపెట్టకుండా దిగింది.

గురువారం మూడు గంటలకు కౌన్సిల్. పొడుగాటి బల్ల చుట్టూ పదకొండు మంది సభ్యులు, ఒక్కొక్కరి ముందు ఒక నీళ్ల సీసా. అప్పు ఇచ్చే బ్యాంకుకు ఫైలు సాయంత్రం ఐదింటిలోగా చేరాలి, ఆ రోజే ఆఖరు. ప్రతి పేజీ మీదా అంచనా వేసినవారి సంతకం ఉండాలన్నది బ్యాంకు నిబంధన. అందుకే మేడాన్ని పిలిచి గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. మాట్లాడటానికి కాదు, సంతకానికి.

ఫైలు కాపీ చేతికొచ్చింది. మేడం ముందు నుంచి కాక వెనక నుంచి తిప్పింది. మూడు గళ్ల పేజీ లేదు. మళ్లీ తిప్పింది. లేదు. తెర మీద నాలుగొందల కోట్లు అరచెయ్యంత అక్షరాల్లో వెలుగుతోంది, దాని కింద "అంచనాల విభాగం నిర్ధారించినది" అని రాసి ఉంది.

నిర్ధారించినదట! ఆవిడ నిర్ధారించలేదు. నిర్ధారించడానికి వీల్లేదని చెప్పడానికే ఒక పేజీ ఖర్చు పెట్టింది. రౌండ్ సారు పుల్ల పట్టుకుని తెర ముందు నిలబడి, "ఈ అంకె రాయి మీద గీత" అంటున్నాడు. మేడం లేచి నిలబడింది.

"ఆ అంకె నాది కాదు," అంది.

రౌండ్ సారు పుల్ల గాలిలోనే ఆగిపోయింది. ఛైర్మన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "మరి మీదెంతమ్మా?"

"మూడొందల యాభై నుంచి ఏడొందల యాభై దాకా కావచ్చండి. నేల పరీక్ష చేయనిదే అంతకంటే దగ్గరగా చెప్పలేను. చెప్తే అబద్ధం."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. బట్టల కొట్టు నడిపే సభ్యుడొకాయన బల్ల చరిచి మరీ నవ్వాడు. "చొక్కా కుట్టమంటే చంటిపిల్లాడికో, వాళ్ల తాతకో తెలీదన్నట్టుంది!"

"కొలతలివ్వకుండా కుట్టమంటే మీ దర్జీ ఏమంటాడండి?" అంది మేడం.

నవ్వు కాస్త తగ్గింది. రౌండ్ సారు అందుకున్నాడు. "మేడంగారిది జాగ్రత్త ఎక్కువండి. నాలుగొందలు హాయిగా సరిపోతాయి. నాది పూచీ." పదకొండు తలలూ ఊగాయి. సరిపోతాయి, సరిపోతాయి. ఒకరిని చూసి ఒకరు, గొర్రెల మందలా.

మేడం చేతిలోని ఫైలు మళ్లీ తెరిచింది. కోపం తగ్గలేదు, బుర్ర మాత్రం చల్లగా, శుభ్రంగా పనిచేస్తోంది. అంకె కోసం వీళ్లతో కొట్లాడటం గోడకు చెప్పుకోవడమే. ఆవిడ కన్ను జాబితా మీద పడింది. నాలుగో పనికీ ఐదో పనికీ ఖర్చు ఇంచుమించు సమానం.

"సరేనండి. అంకె గురించి ఇంకేమీ అనను. నాలుగొందలే ఉంచండి," అంది. "ఒక్క చిన్న మార్పు చేయండి. ఐదో పని నాలుగో చోట రాయండి, నాలుగోది ఐదో చోట. ముందు పైవాడ, ఆఖరున కొత్త కాలనీ. ఖర్చేమీ పెరగదు."

ఊగుతున్న తలలు ఆగాయి. కొత్త కాలనీలో ఛైర్మన్ ఇల్లుంది. బట్టల కొట్టు సభ్యుడు నిరుడే అక్కడ మేడ కట్టాడు. పదకొండు మందిలో ఏడుగురు అక్కడి వాళ్లే. రౌండ్ సారుకీ అక్కడ స్థలం ఉందని ఆఫీసులో అటెండరుకి కూడా తెలుసు.

"అదెందుకమ్మా ఇప్పుడు, ఉన్న వరస బాగానే ఉందిగా," అన్నాడు ఛైర్మన్.

"డబ్బు సరిపోతుందన్నారు కదండీ. సరిపోయినప్పుడు నాలుగైతేనేం, ఐదైతేనేం?"

బట్టల కొట్టు సభ్యుడు కుర్చీలో ముందుకు జరిగాడు. "అది కాదు. ఒకవేళ బండ తగిలితే?"

"అసలు నేల పరీక్షే చేయలేదంటున్నారే," అన్నాడు పక్కాయన, ఆ మాట ఇప్పుడే విన్నట్టు.

"పైపుల ధర పెరిగితే ఏంటి పరిస్థితి?"

"స్థలాల వాళ్లు కోర్టుకెళ్తే? పనులు ఏళ్ల తరబడి ఆగుతాయి. అప్పటికి ఈ నాలుగొందలు ఏ మూలకి?"

ఒక్కొక్కరూ అడుగుతున్నారు. చక్కటి ప్రశ్నలు, వరసగా, ఒకదాన్ని మించి ఒకటి. మేడం విభాగంలో కొత్తగా చేరిన ఇంజనీరుకి కూడా ఇంత బాగా అడగడం రాదు. ఎనిమిదేళ్ల కిందట వీటిలో ఒక్కటి అడిగి ఉంటే వదిన ఇంట్లో కుళాయి ఉండేది.

"ఆ పెద్ద అంకె ఎంతన్నారు?" అడిగాడు ఛైర్మన్. "ఏడొందల యాభయ్యా? అదే రాయండి. అంతవరకూ అప్పు అడుగుదాం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, సరే, అందరూ ఒప్పుకున్నట్టే." తర్వాత, చావు కబురు చల్లగా చెప్పినట్టు, ఇంకో మాట చేర్చాడు. "వరస మాత్రం మునుపటిలాగే ఉంచండి."

కొత్త పేజీ టైపయి వచ్చింది. మూడు గళ్లూ ఉన్నాయి. ఐదో చోట పైవాడ ఉంది. రౌండ్ సారే పెన్ను అందించాడు. మేడం పెన్ను తీసుకుని, మూత పెట్టి, బల్ల మీద ఉంచింది.

"పైవాడ నాలుగో చోటికి వస్తే సంతకం పెడతాను."

"మీరడిగిన అంకె ఇచ్చాం కదమ్మా!"

"ఇచ్చారు. అది చాలుతుందని మీకు నమ్మకముంటే వరస మార్చడానికి భయం దేనికండి?"

"ఉద్యోగం చేయాలని ఉందా లేదా?" అన్నాడు రౌండ్ సారు పళ్లు బిగించి.

"అది తర్వాత తేల్చుకుందాం సార్. నాలుగుంబావు అయింది. బ్యాంకుకి పోవడానికి అరగంట పడుతుంది."

పదకొండు మందీ గోడ గడియారం వైపు చూశారు. సంతకం లేకుండా పంపితే ఫైలు వెనక్కొస్తుంది, అప్పు ఈ ఏటికి లేనట్టే, అప్పుడు కాలనీకీ లేదు, ఎవరికీ లేదు. ఛైర్మన్ మింగలేక కక్కలేక పక్కవాళ్లతో గుసగుసలాడాడు, ఒకాయన లేచి బయటికి పోయి ఫోన్ చేసి వచ్చాడు. నాలుగూ ఇరవై ఐదుకు ఛైర్మన్ టైపిస్టు వైపు చెయ్యి ఊపాడు. "మార్చవయ్యా."

పేజీ మళ్లీ వచ్చింది. మేడం మొదటి నుంచి చివరిదాకా ప్రతి అక్షరం చదివింది. మూడు అంకెలూ వాటి చోట ఉన్నాయి. పైవాడ నాలుగో చోట ఉంది. అన్ని పేజీల మీదా సంతకాలు పెట్టి ఫైలు అటెండరు చేతికిచ్చింది.

వరండాలో రౌండ్ సారు వెంట పడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది. రేపటి నుంచి ఆవిడ స్టోర్స్‌లో కూర్చోవాలని, పైపు ముక్కలు లెక్కపెట్టుకోవాలని చెప్పాడు. మేడం తల ఊపి నడిచింది. ఆయన ఆగలేదు.

"నలుగురిలో నా పరువు తీశారు. మీ మాటే నెగ్గింది. ఇప్పుడు సంతోషమేనా?"

మేడం వెనక్కి తిరిగింది. నెగ్గిన మనిషి మొహం కాదది.

"ఇన్నేళ్లూ మీ ఎవ్వరికీ లెక్క అర్థం కాలేదనుకున్నాను సార్," అంది. "అలా అనుకోబట్టే మిమ్మల్ని క్షమించాను."